సైకిలు మీద సభకు

ఫ్రిస్కోలో మా సాయంకాలపు తెలుగు తరగతికి వచ్చే బాలబాలికలకు ఏటా ఒక మహనీయుని జీవితం చెబుతాము. ఈ ఏడు శ్రీ పుచ్చలపల్లి సుందరయ్యగారి వంతు.

నెల్లూరు జిల్లా అలగానిపాడులో, కలిగిన కుటుంబంలో, 1913 మే 1న ఆయన జన్మించారు. ఆరవ ఏటనే తండ్రి పోయారు. పదిహేడేళ్ల వయసులో, 1930లో, కాలేజీ చదువు విడిచి సత్యాగ్రహంలో చేరి జైలుకు వెళ్లారు. కులం తెలిపే తోకను పేరునుండి తీసివేశారు. పిత్రార్జితంలో తన వాటా అమ్మి, కమ్యూనిస్టు ఉద్యమానికి ఇచ్చివేశారు. 1943లో లీలగారిని వివాహమాడారు. ప్రజాసేవకు అడ్డు కాకూడదని ఆ దంపతులు సంతానమే వద్దనుకొన్నారు. 1952లో రాజ్యసభకు, 1955లో గన్నవరం నుండి శాసనసభకు ఎన్నికైనారు. ఢిల్లీలో పార్లమెంటుకు, ఆ తరువాత హైదరాబాదులో శాసనసభకు సైకిలు మీదనే వెళ్లేవారు. 1985 మే 19న కన్నుమూశారు. ఆయన కూడబెట్టినవి పుస్తకాలు. అవి హైదరాబాదులో ఆయన పేరిట వెలసిన విజ్ఞాన కేంద్రానికి చేరాయి.

మా తాతగారు, నాన్నగారు, మేము, ముగ్గురమూ బడిపంతుళ్లమే. మాకు పొదుపు గత్యంతరం లేక అబ్బినది. ఉండి వద్దనుకొన్నవారి పొదుపు వేరు.

కథ ముగిశాక ఒక పిల్లవాడు, మరి మీకు రెండు కార్లెందుకని అడిగాడు. ఇక్కడ దూరాలెక్కువ అన్నాము. కాని మా ఇంటికీ తరగతికీ మధ్య దూరం ఒక్క మైలే. ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు.

రెండవ కారు అమ్మివేశాము. తరగతికి ఇప్పుడు సైకిలు మీదనే వెళుతున్నాము.