అంగారకుడి మీద కాలువలు చూసిన లోవెల్

వేరే గ్రహాల మీద ఎవరైనా ఉంటారా అని మీ పిల్లలు ఎప్పుడో ఒకసారి మిమ్మల్ని అడిగే ఉంటారు. ఆ ఒక్క ప్రశ్న మీద ఆస్తినీ ఆయుష్షునీ పెట్టిన మనిషి పర్సివల్ లోవెల్.

ఆయన 1855లో అమెరికాలోని బోస్టన్‌లో బాగా కలిగిన ఇంట్లో పుట్టారు. హార్వర్డ్‌లో చదివారు, కుటుంబ వ్యాపారం చూశారు, జపాన్, కొరియా తిరిగి పుస్తకాలు రాశారు. అప్పటికే, 1877లో, ఇటలీకి చెందిన షియాపరెల్లి అంగారకుడి మీద గీతలు చూసి 'కనాలి' అన్నారు. ఆ మాటకు సహజంగా ఏర్పడిన నీటిపాయ అనే అర్థం కూడా ఉంది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది ఎవరో తవ్విన కాలువ అయిపోయింది! రెండు భాషల మధ్య రోజూ పాఠం చెప్పే మాకు ఇదేమీ వింతగా అనిపించదు.

1894లో లోవెల్ అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో, దాదాపు 7,000 అడుగుల ఎత్తున, సొంత డబ్బుతో అబ్జర్వేటరీ కట్టించారు. ఏళ్ల తరబడి టెలిస్కోప్‌లో చూస్తూ వందల కాలువలను మ్యాపుల్లో గీశారు. ఆ గ్రహం ఎండిపోతోందనీ, అక్కడి తెలివైన జీవులు ధ్రువాల దగ్గర కరిగిన మంచునీటిని కాలువల్లో మళ్లించుకుంటున్నారనీ రాశారు. చాలామంది నమ్మారు. నీళ్ల కరువు అందరికీ అర్థమయ్యేదే కదా.

1903లో ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త మాండర్ ఈ సంగతి తేల్చడానికి గ్రీనిచ్‌లోని ఒక స్కూలు పిల్లల సాయం తీసుకున్నారు. కాలువలు లేకుండా మచ్చలు, చుక్కలు మాత్రమే ఉన్న అంగారకుడి బొమ్మ ముందు పెట్టి, కనిపించింది కనిపించినట్టు గీయమన్నారు. కాస్త దూరంగా కూర్చున్న పిల్లల్లో కొందరు తిన్నని గీతలు గీశారు. వాళ్లు అబద్ధం ఆడలేదు. సరిగా కనపడని చుక్కలను కన్నే కలిపేసుకుంటుంది. మీరూ ఒక కాగితం మీద సన్న చుక్కలు పెట్టి, హాల్లో ఆ చివర నుంచి పిల్లలతో గీయించి చూడండి.

లోవెల్ మాత్రం ఒప్పుకోలేదు. 1909లో పారిస్ దగ్గర ఇంకా పెద్ద టెలిస్కోప్‌తో ఆంటోనియాడీ చూస్తే ఆ గీతలు విడివిడి మచ్చలుగా కనిపించాయి. అయినా 1916లో చనిపోయేదాకా ఆయన మాట మారలేదు. 1965లో మారినర్ 4 పంపిన ఫొటోల్లో గుంతలే ఉన్నాయి, కాలువలు లేవు.

అయితే ఆ అబ్జర్వేటరీ వృథా పోలేదు. లోవెల్ మొదలుపెట్టిన వెతుకులాటను కొనసాగిస్తూ 1930లో టాంబో ప్లూటోను కనుక్కున్నది అక్కడే.

ఇక అంగారకుడి మీద వెతకడం ఆగలేదు. 2021లో దిగిన పర్సివరెన్స్ రోవర్ జెజెరో అనే చోట, ఒకప్పుడు నది వచ్చి కలిసిన సరస్సు అడుగున, సూక్ష్మజీవుల ఆనవాళ్ల కోసం రాళ్లను తొలిచి, ముక్కలను గొట్టాల్లో దాచింది. ఆ గొట్టాలు ఇంకా భూమికి రాలేదు.