చూచుట నేర్పిన ఆచార్యుడు

నైరూప్యచిత్రము నెదుట నిలిచిన సామాన్యప్రేక్షకుడు అది దేని బొమ్మ యని మొదట అడుగును. సమాధానము దొరకనిచో మొగము త్రిప్పుకొని పోవును. అట్లు పోక మరికొంతసేపు నిలిచి చూచుట యెట్లో విద్యార్థులకు నేర్పిన చిత్రకారుడు వసీలీ కాండిన్‌స్కీ. ఆ ప్రశ్నతో తికమకపడినవారిలో ఆతడును ఒకడగుట విశేషము.

ఆతడు 1866లో మాస్కోనగరమున జన్మించెను. విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రమును, అర్థశాస్త్రమును అభ్యసించెను. 1889లో పరిశోధనకై వోలోగ్డా సీమకు పోయినపుడు, రంగురంగుల చిత్రణలతో నిండిన రైతుల యిండ్లలో అడుగిడి, తాను ఒక చిత్రము లోపలికే ప్రవేశించినట్లు భావించెను. 1896లో మాస్కోలో జరిగిన ఫ్రెంచి చిత్రప్రదర్శనమున క్లాడ్ మొనే చిత్రించిన గడ్డివామి యెదుట నిలిచి, అది గడ్డివామి యని పోల్చుకొనలేకపోయెను. పట్టిక చూచి తెలిసికొని నొచ్చుకొనెను. అయినను ఆ బొమ్మ ఆతని మనస్సును విడువలేదు. ఆ యేడే డోర్పాట్ విశ్వవిద్యాలయము ఇవ్వజూపిన పదవిని కాదని, ముప్పదియేండ్ల వయస్సున మ్యూనిక్ చేరి చిత్రవిద్యార్థి అయ్యెను.

అచ్చట ఒకనాటి సందెవేళ తన చిత్రశాలకు తిరిగివచ్చి, గోడకు ఆనించియున్న ఒక అపూర్వచిత్రమును చూచి నివ్వెరపోయెను. అందు వస్తువేదియు కానరాలేదు. రంగులును ఆకారములును మాత్రమే వెలుగుచుండెను. దరిజేరి చూడగా అది ప్రక్కకు త్రిప్పి పెట్టిన తన చిత్రమే! మరునాటి పగటివెలుగున ఎంత చూచినను ఆ అనుభూతి మరల కలుగలేదు. వస్తువులు గుర్తునకు వచ్చి అడ్డు తగులుచుండెను. తన చిత్రములకు వస్తువే చెరుపని ఆతడు నిశ్చయించుకొనెను. కాని వస్తువును తీసివేసిన చోట ఏమి నిలువవలెను? కేవలము అలంకారమే మిగిలినచో ఆ శ్రమ వ్యర్థము. ఈ చిక్కు విడదీయుటకు పలు సంవత్సరములు పట్టెను. కళయందలి ఆధ్యాత్మికతను గూర్చి 1911 చివర వెలువరించిన గ్రంథము ఆ అన్వేషణమునకు ఫలము.

మొదటి ప్రపంచయుద్ధము రాగా స్వదేశమునకు మరలి, 1921లో తిరిగి జర్మనీ చేరి, 1922లో వైమార్ నగరమందలి బౌహౌస్ కళాశాలలో ఆచార్యుడయ్యెను. ఆ యేటి డిసెంబరులోనే ఆతని చిత్రములు సహాచార్యుల చిత్రములతో కూడ కలకత్తాలో ప్రదర్శింపబడెను.

తరగతిలో ఆతడు బల్లలు, బుట్టలు, గుడ్డలు వంటి వస్తువులను కుప్పగా అమర్చి గీయించెడివాడు. మొదటి మెట్టున వివరములను విడిచి, అమరిక నంతను ఒక సామాన్యాకారమున పట్టవలెను. రెండవ మెట్టున ఏ గీత ఎటు లాగుచున్నదో, ఏది దేనిని నిలుపుచున్నదో గుర్తింపవలెను. మూడవ మెట్టునకు బుట్టయు బల్లయు మాయమై, వాని నడుమనున్న బిగువులే రేఖలై నిలుచును. వస్తువును శ్రద్ధతో చూడనివాడు దానిని విడువను జాలడని ఈ అభ్యాసము తెలుపును.

త్రికోణము, చతురస్రము, వృత్తములకు పసుపు, ఎరుపు, నీలములలో ఏది తగునో కారణముతో తెలుపుడని 1923లో ప్రశ్నపత్రము పంచబడెను. వరుసగా ఆ మూడే తగునని కాండిన్‌స్కీ మతము. సహాచార్యుడు ఆస్కార్ ష్లెమ్మర్ దాని నంగీకరింపలేదు. జత సరియైనను కాకున్నను, ప్రతి విద్యార్థియు నిలిచి చూచి కారణము చెప్పవలసి వచ్చెను. ఆ ప్రశ్నపత్రమువలని లాభము అదియే.

1933లో నాజీల ఒత్తిడికి బౌహౌస్ మూతపడెను. ఆచార్యుడు పారిస్ చెంతనున్న న్యూయీ చేరెను. 1937లో నాజీలు ఆతని చిత్రములను మ్యూనిక్‌లో భ్రష్టకళ యను పేర అవహేళనకై ప్రదర్శించిరి. అచ్చటికి జనులు చూచుటకు గాక నవ్వుటకు పిలువబడిరి. యుద్ధము ముగియకమునుపే, 1944 డిసెంబరు 13న ఆతడు కన్నుమూసెను.

ఆతడు 1923లో చిత్రించిన ఎనిమిదవ 'కంపొజిషన్' నేడు న్యూయార్కు నగరమందలి గుగెన్‌హైం ప్రదర్శనశాలలో ఉన్నది. దాని ప్రతికృతి యైనను తరగతిగోడకు తగిలించి, అది దేని బొమ్మ యని గాక, పై మూలనున్న నల్లని వృత్తము ఎంత బరువు తోచుచున్నదో, దిగువనున్న గీతలు దానికెట్లు బదులు చెప్పుచున్నవో పిల్లల నడిగిన ఉపాధ్యాయుడు కాండిన్‌స్కీ పాఠమును కొనసాగించినవాడగును.