ఆటస్థలంలో ఉస్తాదు – సయ్యద్ అబ్దుల్ రహీం



క్రీడాకారుని యౌవనం స్వల్పకాలికం. పండితునికి వయస్సు పెరిగిన కొలదీ విలువ పెరుగుతుంది. పరుగుపందెంలో దిగేవానికి, బంతి ఆడేవానికి ఆ భాగ్యం లేదు. ముప్పై ఏండ్లు దాటేసరికి కాళ్ళు మాట వినడం మానుతాయి. ఆ తరువాత అతడు ఏమి కావలె? గెలిచిన కప్పులను అలమారలో పెట్టుకొని పాత ముచ్చట్లు చెప్పుకొనవచ్చు. లేదా తన కాళ్ళలోని విద్యను పిల్లల కాళ్ళకు అప్పగించవచ్చు. రెండవ మార్గం కష్టతరమైనది. అందులో చెమట గురువుది, చప్పట్లు శిష్యునివి. ఆ మార్గాన నడచి, బడిపంతులుగా జీవితం ఆరంభించి, భారతదేశాన్ని ఫుట్‌బాల్‌లో ఆసియా ఖండానికే అగ్రస్థానాన నిలిపిన మహనీయుడు మన హైదరాబాదువాసి సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన చరిత్రను సంగ్రహంగా మీ ముందుంచడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

రహీం సాహెబ్ 1909వ సంవత్సరం ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించారు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆనాడు ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య గరపుతున్నది. మన డోంగ్లి ప్రాంతం కూడ అప్పుడు ఆ హైదరాబాదు రాజ్యంలోనిదే. రహీం సాహెబ్ ఆ విశ్వవిద్యాలయంలో చదివారు, దాని ఫుట్‌బాల్ జట్టులో మేటి ఆటగాడుగా పేరు గడించారు. పూర్వ విద్యార్థులు, ఆనాటి విద్యార్థులు కలిసి ఏర్పరచుకొన్న ఎలెవెన్ హంటర్స్ జట్టులోనూ ఆడారు. పట్టభద్రులై ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు ఆయన పనిచేసిన పాఠశాలలు.

ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. ఆట బాగా ఆడగలిగినవాడు ఆట నేర్పగలడని లోకం అనుకుంటుంది. రహీం సాహెబ్ అట్లా అనుకోలేదు. అంతటి ఆటగాడై ఉండి కూడ మళ్ళీ విద్యార్థియై వ్యాయామ విద్యలో డిప్లొమా పొందారు. ఆడటం ఒక విద్య, నేర్పటం వేరొక విద్య అని ఆయన గ్రహించారు. తరువాత ఆయన సాధించిన విజయాలన్నింటికీ ఈ వినయమే పునాది అని మా అభిప్రాయం.

1940ల దశకంలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి బాధ్యత ఆయన భుజాలపై పడింది. అప్పుడు ఆయన దృష్టి పెద్ద ఆటగాళ్ళకంటె చిన్న పిల్లలపైననే ఎక్కువగా నిలిచింది. బాలుర కొరకు చిత్రమైన పోటీలు పెట్టించారు. ఒక పోటీలో అలవాటులేని కాలితోనే బంతిని తన్నవలె. కుడిచేతివాటపువాడు ఎడమచేత్తో అక్షరాలు దిద్దినంత కష్టం అది. మరొకదానిలో బంతిని కాళ్ళ దగ్గర పెట్టుకొని ఒంటరిగా పరుగెత్తరాదు. అందిన వెంటనే తోటివానికి అందించవలె. మొదటి నియమంతో పిల్లవాని రెండు కాళ్ళూ సమానమైనవి. రెండవదానితో నేను అనే మాట పోయి మేము అనే మాట వచ్చింది. హైదరాబాదు ఆట అంటే చిన్న చిన్న పాసుల ఆట అనే పేరు ఈ బడి నుండే పుట్టింది.

ఆ బడి ఫలితం 1950 నుండి దేశమంతటికీ కనిపించింది. ఆ ఏడాది రహీం సాహెబ్ హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులైనారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు గెలిచింది. కలకత్తా మహాజట్లకే చెల్లునని అందరూ అనుకొన్న కీర్తి చార్మినారు నీడకు చేరింది. 1951 మార్చిలో కొత్త ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో, ఆయన శిక్షణలోనే, భారత జట్టు ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణ పతకం పొందింది.

అయితే మరుసటి ఏడాదే గర్వభంగం జరిగింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగొస్లావియా చేతిలో మన జట్టు 10–1 తేడాతో ఓడిపోయింది. మనవారిలో అనేకులు బూట్లు లేకుండ ఉత్త పాదాలతో ఆడినవారు. ఆ రోజులలో మన దేశంలో మ్యాచ్ 70 నిమిషాలు మాత్రమే. ఒలింపిక్స్‌లో 90 నిమిషాలు పరుగెత్తవలె. దమ్ము చాలదు, పాదరక్ష లేదు, వ్యూహం పాతది. ఇటువంటి ఓటమి తరువాత శిక్షకుడు అదృష్టాన్ని నిందించి ఊరుకోవచ్చు. రహీం సాహెబ్ పాఠం తిరిగి చదువుకొన్నారు. 1953లో హంగేరీ జట్టు ఇంగ్లండును లండన్‌లోని వెంబ్లీ మైదానంలో 6–3తో ఓడించి ప్రపంచాన్ని నివ్వెరపరచింది. నడుమ ఉండే ముందువరుస ఆటగాడు వెనుకకు తగ్గి ఆడటం ఆ జట్టు రహస్యం. ఆ వ్యూహాన్ని ఆయన మన ఆటగాళ్ళకు అలవరచారు.

దాని ఫలితమే 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్. ఆతిథేయ ఆస్ట్రేలియాను మన జట్టు 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా ఒక్కడే 3 గోల్‌లు చేశాడు. సెమీఫైనల్‌లో యుగొస్లావియా చేతిలోనూ, కాంస్య పతకం కొరకు జరిగిన ఆటలో బల్గేరియా చేతిలోనూ ఓడి భారత్ నాలుగవ స్థానం పొందింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనకు అంతకు మించిన స్థానం నేటి వరకు లభించలేదు.

గురువుగా ఆయన హృదయం ఎటువంటిదో రెండు సంగతులు చాలును. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడకు చెందిన పేద బాలుడు తులసీదాస్ బలరాం. శిక్షణకు వచ్చిపోవడానికి అతనికి దారిఖర్చు లేదు. అతని సైకిలు కిరాయికి రహీం సాహెబ్ స్వయంగా పైకం ఇచ్చేవారు. ఆ బలరామే రెండు ఒలింపిక్స్‌లలో దేశం తరఫున ఆడి మహా క్రీడాకారుడైనాడు. ఇక రెండవది. రహీం సాహెబ్ కుమారుడు హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడు. శిక్షకుడు కన్నతండ్రియే. అయినను హకీం అక్కడ ఒక్క మ్యాచ్‌లోనూ మైదానంలో అడుగిడలేదు. పరాయి పిల్లవానికి సొంత పైకం ఇచ్చిన చేయి సొంత బిడ్డకు చోటు ఇవ్వడంలో తొందరపడలేదు. న్యాయం అనగా ఇదియే గదా!

1962లో జకార్తా ఆసియా క్రీడలకు వెళ్ళేనాటికి ఆయన వయస్సు 53 ఏండ్లు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0–2 ఓటమి. తరువాత థాయిలాండ్‌ను 4–1తో, జపాన్‌ను 2–0తో గెలిచారు. వెనుకవరుస యోధుడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. మరొకరైతే అతనిని ఆట నుండి తప్పించేవారే. రహీం సాహెబ్ అతనిని ముందువరుసకు మార్చి గోల్ చేసే పని అప్పగించారు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై 3–2 విజయంలో జర్నైల్ ఒక గోల్ చేశాడు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో ప్రత్యర్థి మళ్ళీ దక్షిణ కొరియాయే. క్రీడల నిర్వహణపై భారతీయ ప్రతినిధి ఒకరు చేసిన విమర్శ కారణంగా ప్రేక్షకజనం మనవారిపై కోపంతో ఉన్నది. ఆ గోలలోనే పి. కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ చేయగా భారత్ 2–1తో స్వర్ణం గెలిచింది.

ఆ విజయం ఆయనకు చివరి పాఠం. క్యాన్సర్ వ్యాధితో 1963 జూన్ 11న, స్వర్ణం గెలిచిన 9 మాసాలకే, రహీం సాహెబ్ పరమపదించారు. ఆ తరువాత భారత జట్టుకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో 1970 నాటి కాంస్యం తప్ప మరొక పతకం రాలేదు. 1960 తరువాత ఒలింపిక్స్‌లో ప్రవేశమే దొరకలేదు. ఆటగాళ్ళు పుట్టకపోవడం వలన ఇది జరిగిందని మేము అనుకోము. ఆటగాళ్ళను తయారుచేసే ఉస్తాదు లేకపోవడం కూడ ఒక ముఖ్య కారణం. 2024లో హిందీ చలనచిత్రం మైదాన్ వచ్చిన తరువాతనే మన యువకులలో చాలామందికి ఆయన పేరు తెలియవచ్చింది. సొంత ఊరి వెలుగును వెండితెర మీద చూసి గుర్తుపట్టవలసి రావడం మనకు కొంత సిగ్గుచేటు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒకటి కలదు. డోంగ్లి చుట్టుపట్ల పల్లెల పిల్లలు పొలం గట్లమీద నడచి పెరిగినవారు. దూరపు పరుగుకు కావలసిన దమ్ము వారి రొమ్ములలో ఉన్నది. ఆడపిల్లలలోనూ ఉన్నది. ఎప్పుడు వేగం తగ్గించవలె, ఎప్పుడు పెంచవలె, పరుగు తరువాత శరీరానికి ఎంత విశ్రాంతి ఇవ్వవలె అని చెప్పేవారు కావలె. మైదానం, బంతి, గడియారం డబ్బుతో కొనవచ్చు. నేర్పేవాడు లేని మైదానం పశువుల బీడుతో సమానం. ఒకప్పుడు జిల్లాకో రాష్ట్రానికో పరుగెత్తి, ఇప్పుడు ఇంటిపట్టున ఉన్న క్రీడాకారులు మన చుట్టుప్రక్కల ఉంటారు. అటువంటివారిని వెదకి, శిక్షణ ఇప్పించి, గౌరవంగా పిలిచి సాయంకాలం ఒక గంట మన విద్యార్థులను అప్పగించినచో రహీం సాహెబ్‌కు అంతకుమించిన స్మారకం లేదు.

విద్యార్థులారా! మీలో నేడు వేగంగా పరుగెత్తేవారు రేపు నెమ్మదిస్తారు. అది ప్రకృతి ధర్మం. ఆనాడు మీరు నేర్చినది మీతోనే ఆగిపోకుండ మరొక పిల్లవానికి అందించండి. బంతి అందిన వెంటనే తోటివానికి అందించుమని రహీం సాహెబ్ నేర్పిన ఆట నియమమే జీవిత నియమం కూడ.