గోధుమ గింజను అనుమానించిన వైద్యుడు

మాది వరి పండించే కుటుంబం. ధాన్యమంటే మా ఇంట్లో సాక్షాత్తూ లక్ష్మి. కింద పడ్డ గింజ కాలికి తగిలితే మా నాయనమ్మ ఊరుకోదు, తీసి కళ్ళకద్దుకోవలసిందే. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు, తిండిగింజే ఒక పసివాడికి విషమవుతుందంటే నమ్మబుద్ధి కాలేదు. కాని అది మా ఇంట్లోనే జరిగింది.

మా బావ సైన్యంలో పనిచేస్తాడు. కాపురం పంజాబులో. మా అక్క రెండో పురిటికి వచ్చినప్పుడు రెండున్నరేళ్ళ పెద్దవాణ్ణి చంకనేసుకొచ్చింది. కాళ్ళూ చేతులూ పుల్లలు, పొట్ట మాత్రం కుండ. రోజుకు నాలుగైదు విరేచనాలు. దిష్టి అన్నారు, బాలగ్రహం అన్నారు, తాయెత్తు కట్టారు. మూడు నెలలు మా ఇంట్లో అన్నం, పప్పుకట్టు, మజ్జిగ తిని వాడు తేరుకున్నాడు. మా ఊరి నీళ్ళు వాడికి పడ్డాయని అందరం సంబరపడ్డాం. పంజాబు వెళ్ళి మళ్ళీ రొట్టెలు తిన్న రెండు నెలలకే కథ మొదటికొచ్చింది. అక్కడి వైద్యులు రక్తం పరీక్షించి, చిన్నపేగు నుంచి చిన్న ముక్క తీసి చూసి, సీలియాక్ వ్యాధి అని తేల్చారు. వాడు బాగుపడింది తాయెత్తు వల్లా కాదు, నీళ్ళ వల్లా కాదు, గోధుమ మానడం వల్ల. ఈ సంగతి మొదట కనిపెట్టిందెవరా అని వెతికితే నాకు దొరికిన పేరు విలెమ్ కారెల్ డిక్కె.

డిక్కె 1905లో నెదర్లాండ్స్‌లోని డోర్‌డ్రెహ్ట్ పట్టణంలో పుట్టాడు. లైడెన్‌లో వైద్యం చదివి, పసిపిల్లల వైద్యంలో శిక్షణ పొందాడు. 1936లో, 31 ఏళ్ళకే, హేగ్ నగరంలోని జూలియానా పిల్లల ఆసుపత్రికి అధిపతి అయ్యాడు.

అప్పటికి ఈ జబ్బు కొత్తదేమీ కాదు. లండన్ వైద్యుడు శామ్యూల్ గీ 1887లోనే దీని లక్షణాలు వివరించి, నయమయ్యే మార్గం తిండిలోనే ఉండాలన్నాడు. అయితే ఆయన బియ్యం పనికిరాదన్నాడు, బాగా కాల్చిన రొట్టె ముక్కలు పెట్టవచ్చన్నాడు! మా నాన్నకు ఈ మాట చెబితే పకపకా నవ్వాడు. 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యం పెట్టాడు. దానితో పిల్లలు కోలుకున్నారు. కోలుకున్నది అరటిపండు మహిమ అనుకున్నారే తప్ప, ఆ పథ్యంలో రొట్టె లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

డిక్కెకు తట్టింది. రొట్టె మాన్పిస్తే తన బిడ్డకు తగ్గుతోందని ఒక తల్లి చెప్పిన మాట ఆయనను ఆలోచనలో పడేసిందంటారు. పెద్ద డాక్టరు అయి ఉండీ ఒక మామూలు ఇల్లాలి మాటను కొట్టిపారెయ్యకపోవడం నాకు ఆయనలో అన్నిటికంటే నచ్చిన గుణం. గోధుమ లేని పథ్యాన్ని గురించి 1941లో ఆయన తమ దేశపు వైద్య పత్రికలో వ్రాశాడు.

అప్పటికే నెదర్లాండ్స్ జర్మనీ ఆక్రమణలో ఉంది. 1944-45 చలికాలంలో పడమటి పట్టణాలకు ఆహారం అందలేదు. జనం తులిప్ దుంపలు ఉడకబెట్టుకుని తిన్నారు. సుమారు 20 వేల మంది ఆకలితో చనిపోయారు. ఊరంతా కృశించిపోతున్న ఆ రోజుల్లో రొట్టె దొరకక సీలియాక్ పిల్లలు మాత్రం తేరుకున్నారనీ, 1945 వసంతంలో రొట్టె తిరిగి రాగానే మళ్ళీ జబ్బుపడ్డారనీ చెబుతారు. ఆయన ఈ సంగతి కరువు పుణ్యాన కనిపెట్టాడని చాలామంది వ్రాస్తారు. అది సగం నిజమే. ఆయన అనుమానం యుద్ధానికి ముందుది. కరువు దానికి బలమిచ్చింది, అంతే.

మరొకరైతే అంతటితో ఋజువైందని చాటింపు వేసేవారు. డిక్కె అలా చెయ్యలేదు. మా నాన్న కొత్త ఎరువు కొంటే చేనంతా చల్లడు. ఒక మడికి వేసి, పక్క మడికి వెయ్యకుండా చూస్తాడు. డిక్కె చేసిందీ అదే. కొద్దిమంది పిల్లలను ఏళ్ళ తరబడి కనిపెట్టి ఉండి, పథ్యంలో ఒకసారి గోధుమ చేర్చి, ఒకసారి తీసేసి, బరువు, ఎదుగుదల వ్రాసుకున్నాడు. రసాయన శాస్త్రజ్ఞుడు వాన్ డి కామర్ మలంలో కొవ్వును కొలిచే పద్ధతి కనిపెట్టి తోడయ్యాడు. గోధుమ, రై పెడితే కొవ్వు ఒంటికి పట్టకుండా బయటికి పోతోంది. బియ్యం పెడితే అలా పోవడం లేదు. 1950లో ఉట్రెహ్ట్‌లో సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో ఇదంతా వ్రాశాడు. 1953 నాటికి వాన్ డి కామర్, వైయర్స్‌తో కలిసి ఇంకా లోతుకు వెళ్ళాడు. గోధుమ పిండిపదార్థం అమాయకురాలు. దోషమంతా గ్లూటెన్ అనే మాంసకృత్తుదని తేలింది.

1957లో ఉట్రెహ్ట్‌లో ఆచార్యుడయ్యాడు. కాని అనారోగ్యం వెంటాడింది. 1962లో, 57 ఏళ్ళకే కన్నుమూశాడు.

గ్లూటెన్ ఎందుకు హాని చేస్తుందో ఆయన కాలానికి తెలియదు. తరువాతివాళ్ళు చెప్పారు. గ్లూటెన్ పూర్తిగా జీర్ణం కాదు. మిగిలిన తునకలను పేగు గోడలోని ఒక ఎంజైము కొద్దిగా మారుస్తుంది. జర్మనీలో షుప్పన్ బృందం 1997లో గుర్తించిన రోగలక్ష్యం ఈ ఎంజైమే. మారిన తునకలను డిక్యూ2 లేదా డిక్యూ8 అనే అణువులు పట్టుకుని టి-కణాలకు చూపిస్తాయి. డిక్యూ2 సంబంధాన్ని 1989లో ఓస్లోలో సోలిడ్ బృందం స్పష్టం చేసింది. టి-కణాలు శత్రువొచ్చాడనుకుని గామా ఇంటర్‌ఫెరాన్ వదులుతాయి. అది పేగు కణాల్లో నిద్రపోతున్న ఎన్నో జన్యువులను తట్టి లేపుతుంది. లేచినవాటిలో డిక్యూ జన్యువులు కూడా ఉంటాయి. దానితో మరిన్ని తునకలు, మరింత పోరు. చివరికి, ఆహారాన్ని పీల్చుకునే చూషకాలు కోతకోసిన చేనులా చదునైపోతాయి.

ఇక్కడ గమనించాల్సిందొకటుంది. ఆ జన్యువులు ఉన్నవాళ్ళు చాలామందికి జబ్బు రానే రాదు. విత్తనం బస్తాలో ఉంటే మొలకెత్తదు కదా! మా మేనల్లుడు ఆ జన్యువుతోనే పుట్టాడు, దానితోనే పెరుగుతాడు. గ్లూటెన్ ఆపితే మాత్రం పోరు సద్దుమణుగుతుంది, రేగిన జన్యువులు క్రమంగా శాంతిస్తాయి, చూషకాలు మళ్ళీ లేస్తాయి. ఈనాటికీ ఈ జబ్బుకు ప్రధాన చికిత్స డిక్కె చెప్పిన పథ్యమే.

మిత్రులకు ఒక మనవి. ఇది చదివి ఎవరూ తమంతట తాము గోధుమ మానవద్దు. ముందే మానేస్తే పరీక్షలో జబ్బు దొరక్కపోవచ్చు. అనుమానముంటే ముందు పరీక్ష, తరువాత పథ్యం.

ఇప్పుడు ఏటా కోతలవగానే మా నాన్న పంజాబుకు బియ్యం పంపిస్తున్నాడు. బస్తా మూతి కుట్టేటప్పుడు నాయనమ్మ గుప్పెడు బియ్యం తీసి మొక్కుకుంటుంది. గోధుమ కూడా లక్ష్మేనని, మనవాడి ఒంటికి పడలేదంతేనని ఇప్పుడు ఆవిడే ఊళ్ళోవాళ్ళకు చెబుతోంది. తాయెత్తు మాత్రం విప్పనివ్వలేదు. వాడు నిరుటి కంటే రెండంగుళాలు పెరిగాడు. ఆ రెండంగుళాలకు మేము ఎన్నడూ చూడని ఒక డచ్చి వైద్యునికి ఋణపడి ఉన్నాము.