కొయ్యకాలితో డ్యాన్సు చేసిన క్లేటన్ బేట్స్



మన గోడపత్రికలో నెలనెలా ఒక గొప్పవారి జీవితం రాసుకుంటున్నాం. కొమురం భీం గురించి రాశాం, అంబేద్కర్ గారి గురించి రాశాం. ఈసారి మనలో చాలామంది పేరు కూడా వినని ఒకాయన గురించి రాస్తున్నాను. ఆయన పేరు క్లేటన్ బేట్స్. అమెరికాలో ఎంతో పేరున్న డ్యాన్సరు. అక్కడ అందరూ ఆయన్ని పెగ్ లెగ్ బేట్స్ అనేవారు. పెగ్ లెగ్ అంటే కొయ్యకాలు. ఆయనకు ఒక కాలు మంచిది, ఒక కాలు కొయ్యది. ఆ రెండింటితోనే దేశదేశాలు తిరిగి డ్యాన్సు చేశారు. ఇంతమంది ఉండగా ఈయన గురించే ఎందుకు రాస్తున్నానో చివర్లో చెబుతాను. దయచేసి చివరిదాకా చదవండి.

పత్తి చేల మధ్య

బేట్స్ 1907 అక్టోబరు 11న దక్షిణ కరోలినా రాష్ట్రంలో ఫౌంటెన్ ఇన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. అక్కడ పత్తి పంట ఎక్కువ. మన ఆదిలాబాదు వైపు లాగానే అనుకోండి. వాళ్లది నల్లజాతి కుటుంబం. సొంత భూమి లేదు. భూమి ఒకరిది, కష్టం వీళ్లది. పండినదాంట్లో ఆసామి తన వాటా తీసుకోగా మిగిలిందే వీళ్లకు. మన దగ్గర పాలుకు చేయడం అంటాం కదా, అదే. బేట్స్‌కు మూడేళ్లప్పుడే తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. తల్లి ఎమ్మా పొలం పని, ఇళ్లల్లో పని చేసి పిల్లవాణ్ణి సాకింది.

అమెరికాలో బానిసత్వం 1865లోనే రద్దయింది. కాగితం మీద రద్దయింది గానీ, ఆ దక్షిణ రాష్ట్రాలలో నల్లవాళ్లను అప్పటికీ దూరంగానే పెట్టేవారు. తెల్లవాళ్లకు ఒక బడి, నల్లవాళ్లకు వేరే బడి. రైలు పెట్టె వేరు. ఆసుపత్రి కూడా వేరు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

బేట్స్‌కు నడక ఎంత వచ్చో ఆట అంత వచ్చింది. ఐదేళ్ల వయసులో వీధిలో ఒట్టి కాళ్లతో చిందులు వేసేవాడు. చూసినవాళ్లు పైసలు వేసేవారు. ఎవరూ నేర్పింది కాదు. మన దగ్గర దండారి ఆటను పిల్లలు పెద్దవాళ్ల వెనకాల నిలబడి చూసి నేర్చుకుంటారు కదా, అలాగే చూసి నేర్చుకున్నాడు.

మిల్లులో ప్రమాదం

12 ఏళ్ల వయసులో బేట్స్ పత్తి గింజల మిల్లులో పనికి చేరాడు. తల్లికి ఇష్టం లేదు. కానీ ఇంట్లో డబ్బు అవసరం, పిల్లవాడిది పట్టుదల. చివరికి ఒప్పుకుంది.

ఆ మిల్లులో గింజలను ఒకచోట నుండి ఇంకోచోటికి తోసే పెద్ద మర ఉండేది. అది వడ్రంగి బరమా లాగా మెలికలు తిరిగి ఉంటుంది. దాని మీద మూత లేదు. ఉన్నట్టుండి లైట్లు ఆరిపోయాయి. చీకట్లో కనపడక పిల్లవాడు అందులో అడుగు వేశాడు. తిరుగుతున్న మర ఎడమ కాలిని నలిపేసింది.

ఇప్పుడు ఆ ఆసుపత్రి మాట గుర్తు చేసుకోండి. నల్లపిల్లవాడు కాబట్టి పెద్ద ఆసుపత్రిలో చోటు లేదు. డాక్టరు వాళ్ల ఇంటికే వచ్చి, వంటింట్లో బల్ల మీద పడుకోబెట్టి కాలు తీసేశాడు. 

ఇక్కడ ఒక విషయం ఆలోచించాలి. మిల్లులో 12 ఏళ్ల పిల్లవాడికి ఏం పని? మర మీద మూత ఎందుకు లేదు? కాలు పోవడం తలరాత అని అందరూ అంటారు. కానీ ఆ మర మీద మూత పెట్టకపోవడం తలరాత కాదు గదా! దేవుడి మీద వేసేముందు మనుషులు చేయాల్సిన పని చేశారా లేదా చూడాలి.

మామ చెక్కిన కాలు

పుండు మానింది. పిల్లవాడు మంచంలో ఉండిపోలేదు. రెండు చీపురు కర్రలు చంకల కింద పెట్టుకొని లేచాడు. ఆ కర్రలతోనే మళ్లీ చిందు వేయడానికి చూశాడట! కొన్నాళ్లకు మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన మామ విట్ ఇంటికి తిరిగి వచ్చాడు. మేనల్లుడి అవస్థ చూసి ఒక కొయ్యముక్క తీసుకొని తన చేతులతో కాలు చెక్కి ఇచ్చాడు. అదే బేట్స్ మొదటి కొయ్యకాలు. డబ్బు పెట్టి కొన్నది కాదు, ఏ కంపెనీ చేసిందీ కాదు.

కాలు తగిలిస్తే నడక వచ్చేసినట్టు మనం అనుకుంటాం. అది పొరపాటు. కాలు తీసేసిన తర్వాత మిగిలిన భాగాన్ని మొండి అంటారు. మన అరికాలి చర్మం పుట్టినప్పటి నుండి బరువు మోసి గట్టిపడి ఉంటుంది. మొండి చర్మానికి ఆ అలవాటు లేదు. కొత్త కాలు రాసుకొని ఎర్రబడుతుంది, బొబ్బలు వస్తాయి. కొత్తలో మొండి వాస్తుంది, తర్వాత వాపు తగ్గి సన్నబడుతుంది. అందుకని మొదట సరిపోయిన కాలే తర్వాత వదులవుతుంది. ఇంకో విచిత్రం ఏమిటంటే, లేని పాదం ఉన్నట్టే అనిపిస్తుంది. లేని వేళ్లు దురద పెడతాయి, నొప్పి పెడతాయి. ఇది నటన కాదు, పిచ్చి కాదు. ఆ పాదం సంగతి మెదడులో అట్లాగే ఉండిపోతుంది కాబట్టి అలా అనిపిస్తుందని డాక్టర్లు చెబుతారు.

పిల్లలకైతే ఇంకో కష్టం. పిల్లలు పెరుగుతారు, కొయ్య పెరగదు. కాబట్టి కాలు పొట్టిదైపోతుంది. ఎదిగే పిల్లలకు దాదాపు ఏడాదికోసారి కొత్త కాలు కావాలి. అంటే ఒకసారి నేర్చుకుంటే అయిపోయే చదువు కాదిది. ప్రతిసారీ కొత్త కాలికి మళ్లీ అలవాటు పడాలి.

బేట్స్‌కు ఉన్నది మొన దేలిన కొయ్య. దానికి మడమ లేదు, వేళ్లు లేవు. శరీరం బరువంతా ఆ చిన్న మొన మీద ఆనాలి. అలాంటి దానితో నిలబడటమే కష్టం. దానితో డ్యాన్సు చేయాలని అనుకున్నాడంటే ఎంత ధైర్యమో చూడండి!

రెండు చప్పుళ్లు

ఆయన చేసింది ట్యాప్ డ్యాన్సు. బూటు అడుగున లోహపు రేకులు బిగించి, చెక్క నేల మీద కాళ్లతోనే దరువు వేయడం. మనకు డప్పు ఎలాగో వాళ్లకు ఆ నేల అలాగ. మిగతా డ్యాన్సర్లకు రెండు కాళ్లూ ఒకే చప్పుడు చేస్తాయి. బేట్స్‌కు అట్లా కాదు. మంచి కాలి బూటు టకటకమని సన్నగా మోగేది. కొయ్యకాలు ధన్ ధన్ మని బరువుగా మోగేది. ఆయన దాన్ని దాచిపెట్టలేదు. ఆ బరువు చప్పుడునే తన తాళంలో కలుపుకున్నాడు. రెండు కాళ్లవాళ్లు వేసే అడుగులన్నీ చూసి, వాటిని ఒక కాలికి, ఒక కొయ్యకు సరిపడేలా మార్చుకున్నాడు. వాళ్లతో సమానంగా ఉంటే చాలదు, వాళ్లకంటే బాగా చేయాలి అన్నది ఆయన పట్టు. అయ్యో పాపం అని చప్పట్లు కొట్టడం ఆయనకు అక్కర్లేదు.

15 ఏళ్లకే అది ఆయన వృత్తి అయింది. ఊరూరా తిరిగే ఆటగాళ్ల బృందాలలో, సంతల్లో, చిన్న చిన్న థియేటర్లలో ఆడారు. తర్వాత న్యూయార్కు చేరారు. 1928లో బ్లాక్‌బర్డ్స్ అనే పెద్ద ప్రదర్శనలో చోటు దొరికింది. దానితో పాటు ఫ్రాన్సు దేశంలో పారిస్ వెళ్లారు. 1938లో ఆస్ట్రేలియా వెళ్లి ఆడారు. తర్వాత టీవీ వచ్చింది. ఎడ్ సల్లివాన్ అనే ఆయన నడిపే టీవీ కార్యక్రమాన్ని అప్పట్లో అమెరికా అంతా చూసేది. అందులో బేట్స్ 20 సార్లకు పైగా ఆడారు.

ఆయన వేసే ఒక అడుగు పేరు జెట్ విమానం. పైకి ఎగిరి, మంచి కాలు వెనక్కి చాచి, కొయ్యకాలి మొన ఒక్కదాని మీద వచ్చి దిగేవారు. చూసేవాళ్లకు గుండె ఆగినంత పనయ్యేది. ఇంకో సరదా సంగతి. ఆయన సూటు ఏ రంగయితే కొయ్యకాలు కూడా ఆ రంగే. తెల్ల సూటుకు తెల్ల కాలు, నీలం సూటుకు నీలం కాలు. మనం పండక్కి చొక్కా, ప్యాంటు జతగా చూసుకున్నట్టు ఆయన కాలిని కూడా జతచేసుకునేవారు!

తనలాంటివాళ్లకు చోటు

ఇంత పేరు వచ్చినా నల్లవాడే కదా. నల్ల కళాకారులు ఆడి మెప్పించిన చోటే వాళ్లకు భోజనానికి, పడకకు చోటు ఇవ్వని హోటళ్లు ఆ రోజుల్లో ఎన్నో ఉండేవి. బేట్స్, ఆయన భార్య ఆలిస్ కలిసి న్యూయార్కు రాష్ట్రంలోని కాట్‌స్కిల్ కొండల్లో, కెర్‌హాంక్సన్ అనే ఊరి దగ్గర సీమకోళ్ల ఫారం ఉన్న స్థలం కొన్నారు. 1951లో అక్కడ విడిది హోటలు తెరిచారు. నల్లజాతి కుటుంబాలు తలెత్తుకొని వచ్చి, సెలవుల్లో నాలుగు రోజులు ఉండి, ఆటపాటలు చూసి వెళ్లే చోటు అది. దానిని 30 ఏళ్లకు పైగా నడిపారు. 1987లో ఆలిస్ చనిపోయారు.

వయసు మళ్లాక కూడా ఆయన ఊరికే కూర్చోలేదు. బడులకు వెళ్లి పిల్లలకు తన కథ చెప్పేవారు. 1998 డిసెంబరులో దక్షిణ కరోలినా రాష్ట్రం తన అన్నిటికంటే పెద్ద గౌరవాన్ని ఆయనకిచ్చింది. ఒకప్పుడు వంటింటి బల్ల తప్ప ఇంకో చోటు చూపని రాష్ట్రమే! ఆ మర్నాడే, డిసెంబరు 6న, పుట్టిన ఊరు ఫౌంటెన్ ఇన్‌లోనే ఆయన కన్నుమూశారు. అప్పటికి 91 ఏళ్లు.

మన దేశంలో

మయూరి సినిమా మీలో కొందరు టీవీలో చూసే ఉంటారు. 1985లో వచ్చిన తెలుగు సినిమా. 1981లో బస్సు ప్రమాదం తర్వాత కాలు పోగొట్టుకొని, జైపూరు కాలు పెట్టుకొని మళ్లీ భరతనాట్యం చేసిన సుధాచంద్రన్ గారి కథ అది. అందులో ఆమే నటించారు. జైపూరు కాలు చేసినవారు ఇద్దరు. రామచంద్ర శర్మ అనే శిల్పి, పి.కె. సేథీ అనే డాక్టరు. పెద్ద పెద్ద దేశాల నుండి వచ్చే కాళ్లు బూటు లోపల పెట్టుకోవడానికే పనికి వచ్చేవి. మనవాళ్లు బాసింపట్టు వేసి కూర్చుంటారు, గొంతుకూర్చుంటారు, చెప్పులు లేకుండా బురదలో నడుస్తారు. వీటన్నిటికీ పనికొచ్చేలా రబ్బరుతో, కొయ్యతో ఆ పాదాన్ని చేశారు. అక్కడ మామ విట్, ఇక్కడ రామచంద్ర శర్మ. ఇద్దరూ చేతిపని తెలిసినవాళ్లే.

మన హాస్టల్లో

ఇక చివర్లో చెబుతానన్న సంగతి. ఈ ఏడు మన ఐదో తరగతిలో ఒక తమ్ముడు చేరాడు. అతను పెట్టుడు కాలుతో నడుస్తాడు. రాత్రిపూట బయటికి వెళ్లేటప్పుడు వరండాలో ఆ చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడును బట్టి మనం అతనికి ఒక పేరు పెట్టాం. పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. బేట్స్ కథ తెలుసుకున్నాక నాకు సిగ్గేసింది. పెగ్ లెగ్ అనేదీ మారుపేరే, కానీ దాన్ని ఆయన తనంతట తాను నెత్తిన పెట్టుకున్నారు. తమ్ముడి పేరు అతను పెట్టుకున్నది కాదు. అది వినపడకూడదనే అతను రాత్రిపూట గోడ పట్టుకొని మెల్లగా నడుస్తున్నాడని నాకు ఇప్పుడు అర్థమైంది. ఇక నుండి ఆ పేరు వద్దు. అతనికి వాళ్ల అమ్మానాన్న పెట్టిన పేరుంది.

ఇంకో తప్పు కూడా చేశాం. ఆటల పీరియడులో అతన్ని చెప్పుల దగ్గర కాపలా కూర్చోబెడుతున్నాం. దండారి ప్రాక్టీసులో కూడా అంతే. మంచి చేస్తున్నాం అనుకున్నాం. ఆడతావా అని మాత్రం ఎవరం అడగలేదు. మొన్న ప్రాక్టీసులో చూశాను, అరుగు మీద కూర్చొని చేత్తో స్తంభం మీద దరువు వేస్తున్నాడు. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు.

వార్డెన్ సారుకు ఒక మనవి. స్నానాల గది దారిలో నాచు పట్టి మాకే కాళ్లు జారుతున్నాయి. అతనికి ఎట్లా ఉంటుందో ఆలోచించి అక్కడ గరుకు బండలు వేయించగలరు. అతని మంచం తలుపు దగ్గరికి మార్పించగలరు. పొద్దున బెల్లు కొట్టాక మొండిని కడుక్కొని, పుండ్లు ఉన్నాయా అని చూసుకొని, గుడ్డ చుట్టి కాలు తగిలించుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు అతన్ని ఆలస్యం కింద లెక్కవేయవద్దని కోరుతున్నాను.

మిత్రులారా, శనివారం సాయంత్రం మళ్లీ దండారి ప్రాక్టీసు ఉంది. నేను వెళ్లి తమ్ముణ్ణి అడుగుతాను. వస్తానంటే వరసలో నా పక్కన చోటు ఇస్తాను. రానంటే బలవంతం లేదు. అతను పడితే మాత్రం ఎవరూ నవ్వొద్దు, ఉరికి వచ్చి ఎత్తనూ వద్దు. తనంతట తాను లేస్తాడేమో ముందు చూద్దాం.