కిరసనాయిలు దొరగారి ఇంటి ముచ్చట్లు

ఈ పుటలో మిషనెరీ దొరల జీవితములు చదువుట మనకు అలవాటు. ఈసారి ఒక వ్యాపారస్థుని జీవితము రాస్తున్నాము. ఆయన జాన్ డి. రాక్‌ఫెల్లర్. తన కాలములో లోకమందలి ధనవంతులలో మొదటివాడని పేరుపడిన ఈయన మన బాప్టిస్టు సంఘస్థుడే. 1872 నుండి చాలా ఏళ్లు సండేస్కూలు సూపరింటెండెంటుగా ఉన్నవాడే. ఆయన డబ్బు సంగతి అందరికీ తెలుసు, ఇంటి సంగతి తెలిసినవారు తక్కువ. కిరాణా కొట్టు, టైలరు షాపు, లారీ, వర్క్‌షాపు నడుపుకుంటూ పిల్లలతో పది నిమిషాలు కూర్చోవడానికి తీరికలేని సహోదరులు మన సంఘములలో చాలామంది ఉన్నారు గనుక, మేము ఇంటి సంగతే ఎక్కువగా చెప్పదలచాము.

రాక్‌ఫెల్లరుగారు 1839 జూలై 8న న్యూయార్కు రాష్ట్రములోని రిచ్‌ఫర్డు అనే పల్లెలో పుట్టారు. తల్లి ఎలైజా భక్తిగల బాప్టిస్టు స్త్రీ, మాటకు కట్టుబడే మనిషి, తప్పు చేస్తే బెత్తం తీసే తల్లి. తండ్రి విలియం తీరు వేరు. ఊరూరా తిరిగి మందులు అమ్మేవాడు, క్యాన్సరు కూడా కుదురుస్తానని చెప్పుకునేవాడు. నెలల తరబడి ఇంటికి వచ్చేవాడు కాదు. వచ్చిననాడు మాత్రం పండుగే. పాటలు, కథలు, వేళాకోళాలు, జేబునిండా డబ్బు. మళ్లీ ఒక రాత్రి చెప్పకుండా వెళ్లిపోయేవాడు. ఆయన వచ్చేదాకా తల్లి ఊరి కొట్టులో అప్పుమీద సరుకులు తెచ్చి పిల్లల్ని సాకేది. 1855లో ఈ పెద్దమనిషి వేరే పేరు పెట్టుకొని కెనడాలో మరొక స్త్రీని పెళ్లాడాడు. మొదటి భార్య బతికే ఉంది, పిల్లలు అయిదుగురు ఉన్నారు.

అదే సంవత్సరం సెప్టెంబరు 26న, పదహారేళ్ల పెద్దకొడుకు క్లీవ్‌లాండు పట్టణములో ఒక కమీషను వ్యాపారుల వద్ద లెక్కలు రాసే పనిలో చేరాడు. ఆ ఉద్యోగం కోసం వారాల తరబడి వీధులు తిరిగాడు. తరువాత ఎంత గొప్పవాడైనా పుట్టినరోజుకంటె ఆ సెప్టెంబరు 26నే ఎక్కువ సంతోషముగా జరుపుకునేవారు. చేరిన కొద్దిరోజులకే ఒక చిన్న లెక్కల పుస్తకము కొని, తన పైసా ఖర్చును కూడా అందులో రాశారు. గుడి కానుకలూ అందులోనే ఉన్నాయి. మొదటి ఏడాది జీతములో సుమారు ఆరు శాతము దేవుని పనికి ఇచ్చినట్టు ఆ పుస్తకము చూపుతుంది. 1859లో ఒక నీగ్రో సహోదరుడు తన భార్యను దాస్యమునుండి విడిపించి తెచ్చుకోవడానికి ఇచ్చిన సొమ్ము కూడా అందులో కనబడుతుంది.

1854లో ఆయన బాప్తిస్మము పొందిన సంఘము పేదది. ఈరీ వీధిలోని ఆ చిన్న గుడిలో ఊడ్చుట, దీపాలు వెలిగించుట, వచ్చినవారిని కూర్చోబెట్టుట అన్నీ ఆ కుర్రవాడే చేసేవాడు. ఒక ఆదివారం రెండువేల డాలర్ల అప్పు తీర్చకపోతే గుడి పోతుందని కాపరి ప్రకటించగా, ఆరాధన ముగిసేసరికి రాక్‌ఫెల్లర్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. బయటికి వెళ్లేవారిని ఒక్కొక్కరినీ ఆపి, ఎంత ఇస్తారో చెప్పించుకొని పేరు రాసుకున్నాడు. కొన్ని నెలలు పట్టింది, గుడి నిలిచింది. బిల్డింగు ఫండు కమిటీలలో పనిచేసినవారికి ఆ తలుపు దగ్గర నిలబడుట ఎంత కష్టమో తెలుసు.

1864లో లారా స్పెల్మన్ అనే టీచరును పెండ్లి చేసుకున్నారు. నలుగురు ఆడపిల్లలు, చివర ఒక మగపిల్లవాడు. ఆడపిల్లలలో ఒకతె, ఆలిస్, పసితనములోనే చనిపోయింది. ఈలోగా వ్యాపారం పెరిగింది. 1863లో కిరసనాయిలు శుద్ధిచేసే పనిలో దిగి, 1865లో భాగస్తుని వాటాను వేలములో 72,500 డాలర్లకు కొని, 1870 జనవరిలో పది లక్షల డాలర్ల మూలధనముతో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ పెట్టారు.

ఇక అసలు ముచ్చట. ఆఫీసులో నోరు విప్పని మనిషిగా పేరుపొందిన ఈయన ఇంట్లో చిన్నపిల్లవాడే. పిల్లలతో కళ్లకు గంతలు కట్టుకొని పట్టుకునే ఆట ఆడేవారు. ఎవరైనా చిక్కితే గట్టిగా కేక వేసేవారు. నాలుగు కాళ్ల మీద వంగి పిల్లల్ని వీపున మోసేవారు. భోజనాల బల్ల దగ్గర పింగాణీ పళ్లెం ముక్కుమీద నిలబెట్టి చూపేవారు. ఊరి వెలుపల ఫారెస్ట్ హిల్ అనే ఇంట్లో చెరువు తవ్వించి పిల్లలకు తానే ఈత నేర్పారు. ఎండ తగలకుండా గడ్డి టోపీ పెట్టుకొనే ఈదేవారట! చలికాలములో ఆ నీళ్లు గడ్డకడితే అందరూ మంచుమీద జారుడు ఆటకు దిగేవారు. మధ్యాహ్నాలు ఆఫీసుకు పోకుండా అక్కడే ఉండేందుకు ఇంటికి టెలిగ్రాఫు తీగ వేయించుకున్నారు. ఆ రోజుల్లో వ్యాపారస్థులు ఇలా చేయుట అరుదు. తండ్రి దగ్గరనుండి నవ్వులాట తీసుకున్నారు, రాత్రికి రాత్రి మాయమయ్యే అలవాటు తీసుకోలేదని మాకు తోస్తుంది.

అంత ధనముండీ పిల్లల్ని గారాబము చేయలేదు. నలుగురు పిల్లలకు నాలుగు మూడుచక్రాల సైకిళ్లు కొనాలని ఆయన అనుకుంటే, ఒక్కటి చాలు, పంచుకొనుట నేర్చుకుంటారని భార్య ఆపింది. ఈగలు చంపితే ఇంత, కలుపు పీకితే ఇంత, పెన్సిళ్లు చెక్కితే ఇంత అని కూలి ఇచ్చేవారు. పిల్లలు ఆ డబ్బుకు లెక్క రాయాలి, కానుక తీయాలి. కొడుకు ఎనిమిదేళ్లు వచ్చేవరకు అక్కల పాత గౌన్లు తొడుక్కున్నాడు. ఈ చివరిది మాత్రం మాకు కాస్త ఎక్కువే అనిపించింది.

ముసలి తండ్రి అప్పుడప్పుడు చెప్పకుండా ఫారెస్ట్ హిల్‌కు వచ్చి మనుమలతో ఆడి, నవ్వించి, ఎక్కడికో వెళ్లిపోయేవాడు. 1906లో ఆయన చనిపోతే మారుపేరుతోనే ఇల్లినాయి రాష్ట్రములో పాతిపెట్టారు.

ఇంతవరకు రాసి ఆపితే మంచి సండేస్కూలు కథ అవుతుంది. ఆపుట న్యాయము కాదు. 1872లో రాక్‌ఫెల్లర్ కంపెనీ పెద్ద రైలు కంపెనీలతో రహస్యముగా ఒప్పందము చేసుకుంది. దానిప్రకారం తమ కిరాయిలో తగ్గింపు రావడమే గాక, పోటీదారులు కట్టే కిరాయిలో కూడా భాగం తమకే వస్తుంది. జనం తిరగబడగా ఒప్పందం రద్దయింది. అయితే ఆ భయములోనే, ఆరువారాలు కాకముందే, క్లీవ్‌లాండులోని 26 పోటీ కర్మాగారాలలో 22 ఆయన చేతికి వచ్చాయి. ఆయన ఫారెస్ట్ హిల్‌లో పిల్లల్ని నవ్విస్తున్న ఆ దశకములోనే పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్ అనే నూనె పట్టణములో ఒక చిన్న వ్యాపారి కుటుంబముండేది. ఆ తండ్రి కూడా సాయంత్రం ఇంటికి వచ్చి ఆనాడు చూసిన తమాషాలు చెప్పి, మోర్సింగు వాయించి, చిన్నకూతురికి పాటలు పాడేవాడు. 1872 తరువాత ఆయన కథలు చెప్పుట మానాడు, వాయించుట మానాడు, పాడుట మానాడు. ఇది చూసిన పెద్దకూతురు ఐడా టార్బెల్. ఆమె పెద్దదై విలేఖరి అయి 1902 నుండి రెండేళ్లు స్టాండర్డ్ ఆయిల్ చరిత్రను ఒక పత్రికలో ప్రచురించింది. 1911లో అమెరికా సుప్రీంకోర్టు ఆ కంపెనీని 34 ముక్కలు చేసింది.

సొంత తమ్ముడు ఫ్రాంకు కూడా అన్నవల్ల నష్టపోయానని కడవరకు నమ్మాడు. కోపం ఎంత ముదిరిందంటే, కుటుంబ సమాధుల స్థలములో ఉన్న తన ఇద్దరు బిడ్డల శవాలను పైకి తీయించి వేరేచోట పెట్టుకున్నాడు. 1914 ఏప్రిలులో కొలరాడోలోని లడ్లో వద్ద సమ్మెచేస్తున్న గనికార్మికుల గుడారాలకు నిప్పంటుకొని, గుంటలో దాగిన ఇద్దరు స్త్రీలు, పదకొండుమంది పిల్లలు చనిపోయారు. ఆ గనుల కంపెనీలో అత్యధిక వాటా రాక్‌ఫెల్లర్ కుటుంబానిదే. గనుల ఊళ్లలో, రైల్వే కాలనీలలో బతికిన తాతతండ్రులుగల మన పాఠకులకు దీనిని వేరే వివరించనక్కరలేదు.

ఇచ్చిన సొమ్ము కూడా చెప్పాలి. జీవితకాలములో 50 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చారు. చికాగో యూనివర్సిటీ, అట్లాంటాలో నల్లజాతి స్త్రీల కొరకు పెట్టిన స్పెల్మన్ కళాశాల ఆయన కానుకలవలన నిలిచినవే. ఒక బాప్టిస్టు గుడి నేలమాళిగలో మొదలైన ఆ స్పెల్మన్ బడికి 1884లో ఆయన అత్తవారి ఇంటిపేరు పెట్టారు. 1901లో మనుమడు ఒకడు స్కార్లెట్ జ్వరముతో పోయాడు. ఆ ఏడే వైద్య పరిశోధన సంస్థ స్థాపించారు. మన తాతలకు సువార్త తెచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనుకు కూడా ఏటేటా ఆయన కానుకలు వెళ్లేవి. భార్య జ్ఞాపకార్థము 1918లో పెట్టిన నిధి, ప్రాచ్యదేశాల క్రైస్తవ మహిళా కళాశాలల కొరకు ఇతరులు ఇరవై లక్షల డాలర్లు కూడబెడితే తాను పది లక్షలు ఇస్తానంది. అట్లు సాయము పొందినవాటిలో వేలూరులో ఐడా స్కడ్డరమ్మగారి వైద్య పాఠశాల, మద్రాసు మహిళా క్రైస్తవ కళాశాల ఉన్నాయి. తమిళనాడులోని మన సంఘములవారికి ఆ రెండు గేట్లు బాగా తెలిసినవే.

పెద్దకూతురు బెస్సీ 1906లో ఫ్రాన్సులో చనిపోయింది. ఎడిత్ 1913లో స్విట్జర్లాండు వెళ్లి ఎనిమిదేళ్లు తిరిగి రాలేదు. 1915 మార్చి 12న లారమ్మగారు న్యూయార్కు దగ్గరి ఇంట్లో కన్నుమూశారు. ఎప్పుడూ ఇల్లు వదలని భర్త ఆరోజున ఫ్లోరిడాలో ఉన్నారు, కొడుకూ అక్కడే. క్లీవ్‌లాండుకు తీసుకుపోదామంటే పన్నుల తగాదా ఒకటి అడ్డువచ్చింది. ఒహైయోలో అడుగుపెడితే నోటీసులు అందజేస్తారు. ఆ కారణంగా ఆమె శవపేటిక నాలుగు నెలలకు పైగా ఒక స్నేహితుని సమాధి గదిలో ఉండిపోయింది. కోట్లకు అధిపతి తన భార్యను పాతిపెట్టుకోవడానికి వేచి ఉండవలసి వచ్చింది.

ఆ తరువాత ఇరవైరెండేళ్లు బతికారు. జుట్టంతా రాలిపోతే, మెల్లగా పెరిగినట్టు కనబడేందుకు రకరకాల పొడవుల్లో విగ్గులు చేయించుకొని వరుసగా పెట్టుకునేవారు. రోజూ గోల్ఫు ఆడేవారు. భోజనం తరువాత అతిథులందరినీ కూర్చోబెట్టి అంకెల బిళ్లలతో ఆట ఆడించేవారు. ఎదురుపడిన పిల్లలకు అయిదు సెంట్ల బిళ్ల, పెద్దలకు పది సెంట్ల బిళ్ల ఇచ్చేవారు.

1937 మే 23న ఫ్లోరిడాలో, 97 ఏళ్ల వయసులో నిద్రించారు. క్లీవ్‌లాండులో తల్లికీ భార్యకూ నడుమ ఆయనను పాతిపెట్టారు. తండ్రి సమాధి అక్కడ లేదు. తమ్ముని బిడ్డలవీ లేవు.