కార్మికుల మనిషి వి.వి.గిరి

భారతదేశానికి నాలుగో రాష్ట్రపతి ఎవరంటే వి.వి.గిరి అని మనలో చాలామంది చిన్నప్పుడు బళ్ళో బట్టీ పట్టినవాళ్ళమే. ఆయన రాష్ట్రపతి అయ్యేనాటికి వయసు 75 ఏళ్ళు. అంతకుముందు ఆయన జీవితంలో మంచి కాలమంతా రైల్వే కార్మికుల మధ్య, యూనియన్ ఆఫీసుల్లో గడిచింది. ఈ సంచికలో ఆయన గురించి రాయడానికి ఒక కారణం ఉంది. ఫ్యాక్టరీల్లో, గోడౌన్లలో, కేర్ హోముల్లో, హోటళ్ళ వంటిళ్ళలో పనిచేసే మనవాళ్ళు మమ్మల్ని ఎక్కువగా అడిగేది, పనిచోట కష్టమొస్తే ఎవరికి చెప్పుకోవాలని. గిరి గారు జీవితమంతా కుస్తీ పట్టింది కూడా ఈ ప్రశ్నతోనే.

ఆయన పూర్తి పేరు వరాహగిరి వెంకటగిరి. 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉంది కానీ అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలోది. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న వకీలు. వారి పూర్వీకులు గోదావరి వైపు చింతలపల్లి నుంచి బతుకుతెరువు కోసం ఉత్తరానికి వచ్చినవాళ్ళు. అంటే ఆ ఇంటి కథ కూడా వలసతోనే మొదలైంది.

1913లో గిరి గారు లా చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. అదే ఏడాది డబ్లిన్‌లో పెద్ద లాకౌట్ జరిగింది. జేమ్స్ లార్కిన్ నడిపిన యూనియన్‌లో ఉన్నవాళ్ళకి పని ఇవ్వమని యజమానులు కలిసికట్టుగా గేట్లు మూసేశారు. దాదాపు 20 వేల మంది కార్మికులు నెలల తరబడి పస్తులున్నారు. పద్ధెనిమిది, పంతొమ్మిదేళ్ళ తెలుగు కుర్రాడు అడుగుపెట్టిన ఊరు అలా ఉంది. చదువుకుంటూనే ఆయన ఐరిష్ స్వాతంత్ర్యవాదులకు దగ్గరయ్యారు. 1916 ఈస్టర్ తిరుగుబాటు తరవాత ఆయన మీద కూడా అనుమానం పడి, దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చింది. ఆ ఏడే బరంపురం తిరిగొచ్చి ప్రాక్టీసు పెట్టారు. తరవాత గాంధీ గారి పిలుపు విని ఆ ప్రాక్టీసు వదిలేసి సహాయ నిరాకరణలో దిగారు. కల్లు, సారా దుకాణాలకు వ్యతిరేకంగా ప్రచారం చేసినందుకు 1922లో జైలుకి వెళ్ళారు.

ఇక్కడ ఇంగ్లండు సంగతి ఒకటి చెప్పుకోవాలి. గిరి గారు డబ్లిన్ వెళ్ళిన 1913లోనే యార్క్ పట్టణంలో ఫ్యాక్టరీల వెల్ఫేర్ ఉద్యోగులంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. యార్క్‌లోని రౌంట్రీ చాక్లెట్ ఫ్యాక్టరీ అంతకు చాలా ఏళ్ళ ముందే పనివాళ్ళ బాగోగులు చూడ్డానికి ప్రత్యేకంగా మనుషుల్ని పెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆడవాళ్ళు వేలాదిగా మందుగుండు ఫ్యాక్టరీలకు వచ్చినప్పుడు, ప్రభుత్వం ఆ రౌంట్రీ కుటుంబానికే చెందిన సీబోమ్ రౌంట్రీకి వెల్ఫేర్ శాఖ అప్పగించింది. క్యాంటీన్లు, బట్టలు మార్చుకునే గదులు, కూర్చునే చోట్లు అలా వచ్చాయి. ఆ వెల్ఫేర్ ఉద్యోగమే కాలక్రమంలో పర్సనల్ ఆఫీసర్ అయ్యి, చివరికి నేటి హెచ్.ఆర్. అయింది. దీని సంగతికి మళ్ళీ వస్తాం.

ఇండియాలో అప్పటికి పరిస్థితి వేరు. ఉద్యోగం ఇచ్చేదీ తీసేసేదీ మేస్త్రీ. పనిలో చేరాలంటే మేస్త్రీకి మామూలు ఇవ్వాలి, పని నిలవాలంటే మళ్ళీ ఇవ్వాలి. సెలవు కావాలన్నా, జబ్బు చేసిందని చెప్పాలన్నా ఆయన చెయ్యి తడపాల్సిందే. పైన కూర్చున్న దొరకి కార్మికుడి భాష రాదు, కార్మికుడికి దొర భాష రాదు. మధ్యలో ఉన్న మేస్త్రీయే ఇద్దరికీ నోరు, ఇద్దరికీ చెవి. శ్రీకాకుళం, విశాఖ, గంజాం వైపు నుంచి రంగం వెళ్ళినవాళ్ళయినా, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకి వెళ్ళినవాళ్ళయినా ఈ మేస్త్రీల రాజ్యం చూసినవాళ్ళే.

గిరి గారు తన పని మొదలుపెట్టింది బెంగాల్ నాగపూర్ రైల్వేలో. ఖరగ్‌పూర్‌లో నేటికీ వీధుల్లో తెలుగు వినిపిస్తుందంటే ఆ రైల్వేలోకి మనవాళ్ళు అంతమంది వెళ్ళబట్టే. అక్కడ కార్మిక సంఘాన్ని నిర్మించి, అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ స్థాపనలో ముందు నిలబడ్డారు. పదేళ్ళకు పైగా దానికి ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. అప్పట్లో యూనియన్ పెట్టడమే సాహసం. మద్రాసు బి అండ్ సి మిల్లుల గొడవలో యూనియన్ నాయకుల మీద యజమానులు హైకోర్టుకెళ్ళి నష్టపరిహారం అడిగారు. 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చాకే యూనియన్లకు కాస్త రక్షణ దొరికింది. ఆ ఏడే గిరి గారు ఎ.ఐ.టి.యు.సి. అధ్యక్షులయ్యారు. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగాలు తీసేస్తున్నప్పుడు, శాంతియుతంగా సమ్మె నడిపి యాజమాన్యాన్ని మాటలకు కూర్చోబెట్టారు.

1931లో రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వచ్చారు. ఆ సమావేశానికి రాజులూ జమీందార్లూ వచ్చారు. కార్మికుల తరఫున కూర్చున్నది ఎన్.ఎం.జోషి, బి.శివరావు, గిరి గారు. సమావేశం జరిగిన సెయింట్ జేమ్స్ ప్యాలెస్ మనకి దూరమేం కాదు. స్టాన్‌మోర్‌లో జూబ్లీ లైన్ ఎక్కి గ్రీన్ పార్క్‌లో దిగితే కాస్త నడక. ఎప్పుడైనా అటు వెళ్తే, మన రైల్వే కూలీల మాట ఆ గోడల మధ్య ఒక తెలుగాయన మోశారని గుర్తు చేసుకోండి.

అదే 1931లో విట్లీ అధ్యక్షతన పనిచేసిన రాయల్ కమిషన్ భారత కార్మికుల పరిస్థితి మీద నివేదిక ఇచ్చింది. మనుషుల్ని చేర్చుకోవడం, తీసేయడం మేస్త్రీల చేతుల్లోంచి తప్పించి, ఆ పనికి లేబర్ ఆఫీసర్లను పెట్టాలని అందులో సిఫార్సు చేశారు. వెల్ఫేర్ ఆఫీసరు అనే ఉద్యోగానికి మన దేశంలో బీజం పడింది అక్కడే. అంటే దాని పుట్టుక క్యాంటీన్ కోసమో ఆటల పోటీల కోసమో కాదు, మేస్త్రీ చేతిలో కార్మికుడు మోసపోకుండా ఉండడం కోసం.

1937 ఎన్నికల్లో గిరి గారు బొబ్బిలి రాజా మీద నిలబడి గెలిచారు. రాజా అంటే ఊరికే జమీందారు కాదు, మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసినాయన. రాజాజీ మంత్రివర్గంలో గిరి గారు కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. 1946లో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలోనూ కార్మిక శాఖ ఆయనదే. 1947 నుంచి 1951 దాకా సిలోన్‌లో భారత హైకమిషనర్‌గా ఉన్నారు. అక్కడ తేయాకు తోటల్లో తరాలుగా పనిచేస్తున్న భారతీయ కార్మికులకు 1948 చట్టంతో పౌరసత్వమే లేకుండా పోయింది. పరాయి దేశంలో పనిచేసేవాడికి కాగితం ఎంత ముఖ్యమో గిరి గారు దగ్గరగా చూసిన కాలం అది.

ఆయన సిలోన్‌లో ఉండగానే, జగ్జీవన్ రామ్ గారు కార్మిక మంత్రిగా ఉన్న కాలంలో, ఢిల్లీలో 1948 ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. 1949 ఏప్రిల్ 1 నుంచి అమలయింది. ఇందులో 49వ సెక్షన్ ప్రకారం 500 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి ఫ్యాక్టరీలో యజమాని వెల్ఫేర్ ఆఫీసరును పెట్టాలని ఉండేది. 250 మందికి మించితే క్యాంటీన్, 150 మందికి మించితే విశ్రాంతి గది, భోజనాల గది ఉండాలని ఉండేది. 2020లో వచ్చిన కొత్త కోడ్‌లో వెల్ఫేర్ ఆఫీసరు ఉండాల్సిన సంఖ్యను 250కి తగ్గించారు.

వెల్ఫేర్ ఆఫీసరు ఏం చెయ్యాలో నిబంధనల్లో రాశారు. కార్మికుల ఫిర్యాదులు విని యాజమాన్యానికి చేర్చి, త్వరగా పరిష్కారమయ్యేలా చూడాలి. ఆరోగ్యం, భద్రత, తాగునీరు, మరుగుదొడ్లు, క్యాంటీన్, పిల్లల గది చట్టప్రకారం ఉన్నాయో లేదో చూడాలి. జీతంతో కూడిన సెలవు ఎలా తీసుకోవాలో చెప్పి సాయపడాలి. సమ్మె గానీ లాకౌట్ గానీ వస్తే ఏ పక్షం వహించకుండా రాజీకి ప్రయత్నించాలి. వీటిలో రెండు షరతులు మనం ముఖ్యంగా గమనించాలి. ఒకటి, ఫ్యాక్టరీలో ఎక్కువమంది కార్మికులు మాట్లాడే భాష ఆయనకి రావాలి. రెండు, కార్మికుడి మీద క్రమశిక్షణ చర్యల్లో ఆయన వేలు పెట్టకూడదు, కార్మికుడికి ఎదురుగా యజమాని తరఫున కోర్టులో నిలబడకూడదు. జీతం ఇచ్చేది యజమాని, చెయ్యాల్సిన పని కార్మికుడిది. ఆ చిక్కు తెలుసు కాబట్టే ఆ గీత గీశారు. అన్ని ఫ్యాక్టరీల్లో ఆ గీత నిలిచిందా అంటే, నిలవని చోట్లు మనలో కొందరం చూసినవే.

1952లో గిరి గారు కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. ఆయన ఆలోచనకు గిరి పద్ధతి అనే పేరొచ్చింది. తగాదా వచ్చిన ప్రతిసారీ ప్రభుత్వం ట్రిబ్యునల్‌కి పంపి తీర్పు చెప్పించడం వల్ల యూనియన్లు సొంత కాళ్ళ మీద నిలబడవని ఆయన నమ్మకం. యజమాని, కార్మికులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి, అది కుదరకపోతే ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తి దగ్గరికి వెళ్ళాలి. 1952 అక్టోబరులో నైనిటాల్‌లో జరిగిన కార్మిక మహాసభలో ఈ వాదన గట్టిగా వినిపించారు. యజమానులే కాదు, చాలా యూనియన్లు కూడా ఒప్పుకోలేదు. బలహీనమైన యూనియన్‌కి ట్రిబ్యునలే దిక్కని వాళ్ళ భయం. ఆ భయం ఉత్తదేం కాదు. 1954లో బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం తగ్గించి మార్చింది. తన పద్ధతి అది కాకపోయినా, ఇచ్చిన తీర్పును ప్రభుత్వమే కోసెయ్యడం ఆయనకి నచ్చలేదు. మంత్రి పదవికి రాజీనామా చేసి బయటికొచ్చారు.

తరవాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా, 1967లో ఉపరాష్ట్రపతిగా పనిచేశారు. 1969లో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి, సాటి తెలుగువాడైన నీలం సంజీవరెడ్డి గారి మీద రెండో ప్రాధాన్య ఓట్ల లెక్కింపులో గెలిచి రాష్ట్రపతి అయ్యారు. 1975లో భారతరత్న వచ్చింది. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు.

ఇప్పుడు మన సంగతి. ఈ దేశంలో వెల్ఫేర్ ఆఫీసరును తప్పనిసరిగా పెట్టాలనే 49వ సెక్షన్ లాంటిది లేదు. ఉన్నది హెచ్.ఆర్. వాళ్ళలో మంచివాళ్ళు చాలామంది ఉంటారు. కానీ క్రమశిక్షణ విచారణ నడిపేదీ వాళ్ళే, కార్మికుడికి ఎదురుగా నిలబడొద్దనే గీత వాళ్ళకి లేదు. మరి మనం చెయ్యగలిగింది ఏంటి?

విచారణకి గానీ, ఫిర్యాదు మీద మీటింగుకి గానీ ఒంటరిగా వెళ్ళకండి. 1999 చట్టం ప్రకారం తోటి ఉద్యోగిని గానీ, యూనియన్ ప్రతినిధిని గానీ వెంట తీసుకెళ్ళే హక్కు మీకుంది. ముందుగా అడగాలి, అంతే. వాళ్ళు మీ తరఫున విషయం వివరించొచ్చు, మధ్యలో మీతో పక్కకెళ్ళి మాట్లాడొచ్చు. మిమ్మల్ని అడిగిన ప్రశ్నకి జవాబు మాత్రం మీరే చెప్పాలి. ఫిర్యాదు ఏదైనా తేదీలతో సహా కాగితం మీద పెట్టండి. కోర్టుకి వెళ్ళేముందు ఎ.కాస్ అనే ప్రభుత్వ సంస్థ ఉచితంగా రాజీకి ప్రయత్నిస్తుంది. అయితే ట్రిబ్యునల్‌కి గడువు చిన్నది, ఆలస్యం చెయ్యొద్దు.

మేస్త్రీ పోయాడనుకోకండి, పేరు మార్చుకుని ఏజెంటుగా వచ్చాడు. ఇక్కడ ఉద్యోగం వెతికిపెట్టినందుకు ఏజెన్సీ మన దగ్గర ఫీజు తీసుకోకూడదని 1973 చట్టం చెబుతోంది. నటులు, మోడళ్ళ లాంటి కొద్దిమందికే మినహాయింపు. మోర్‌కాంబ్ బే దగ్గర సముద్రంలో చైనా కూలీలు మునిగి చనిపోయిన 2004లోనే, పొలాలకూ ఆహార ప్యాకింగ్ పనులకూ మనుషుల్ని సరఫరా చేసేవాళ్ళకి లైసెన్సు ఉండాలనే చట్టం వచ్చింది.

గిరి గారి జీవితం నుంచి మేము తెలుసుకున్నది ఇదీ. పనిచోట మన మాట వినే మనిషి ఉండడం మంచిది, ఆ మనిషికి మన భాష వస్తే మరీ మంచిది. కానీ ఆ మనిషి జీతం ఎవరిస్తున్నారో మరచిపోకూడదు. మన మాటకి బరువొచ్చేది మనం నలుగురం కలిసినప్పుడే. అందుకే మీ రంగంలో ఉన్న యూనియన్‌లో చేరండి. కొత్తగా వచ్చిన తమ్ముడికో చెల్లెలికో విచారణ కాగితం వస్తే, భాష రాక బెదిరిపోతుంటే, పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. ఆ రోజుకి వాళ్ళ వెల్ఫేర్ ఆఫీసరు మీరే.